పెద్దయ్యాక బ్యాలే: ఒక వంపుతో మొదలయ్యే విద్య

తెలుగులో ‘బ్యాలే’ అనే మాటకు చాలాకాలంగా రెండు అర్థాలున్నాయి. పలువురు నర్తకులు పాత్రలు ధరించి ఒక కథను రంగస్థలం మీద ఆడితే, అది కూచిపూడి పద్ధతిలో సాగినా సరే, దానిని నృత్యనాటకం అన్నంత సహజంగానే బ్యాలే అని కూడా అంటారు. ఇక్కడ చెప్పుకోబోయేది ఆ అర్థంలోని బ్యాలే కాదు. ఇటలీ రాజాస్థానాల వేడుకల్లో పుట్టి, ఫ్రాన్సులో శాస్త్రంగా స్థిరపడి, రష్యాలో శిఖరాన్ని అందుకున్న ఐరోపా శాస్త్రీయ నృత్యం. ఈ విద్యను పసితనంలోనే మొదలుపెట్టాలని, ఆ వయసు దాటినవారికి అది చూసి ఆనందించదగినదే తప్ప నేర్వదగినది కాదని ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. నృత్యాన్ని వృత్తిగా ఎంచుకునేవారి విషయంలో అందులో చాలా నిజముంది. నేర్చుకోవడమే లక్ష్యంగా వచ్చేవారి విషయంలో మాత్రం చరిత్రగానీ, శరీరధర్మంగానీ ఆ నమ్మకాన్ని సమర్థించవు.

చరిత్రనే ముందుగా చూస్తే, బ్యాలేను తొలుత ఆడినవారు వృత్తి నర్తకులు కారు, ఆస్థానంలోని రాజులూ ప్రభువులూ ప్రభుపత్నులే. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ 1653లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఒక రాత్రంతా సాగిన బ్యాలేలో సూర్యుడి వేషం వేశాడు. ‘సూర్యరాజు’ అన్న బిరుదుకు ఆ వేషం గట్టి పునాది వేసింది. ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి నర్తించిన ఆయన 1661లో రాజ నృత్య అకాడమీని నెలకొల్పగా, ఆయన నృత్యగురువు పియేర్ బోషాం నేటికీ ప్రతి తరగతిలో వినిపించే ఐదు పాదస్థితులను క్రమబద్ధం చేశాడు. బ్యాలే పదజాలమంతా ఈనాటికీ ఫ్రెంచిలోనే ఉండటానికి కారణం ఇదే. 1713లో పారిస్ ఒపేరాకు అనుబంధంగా, 1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పాఠశాలలు ఏర్పడి, వాటిలో పిల్లలకు బాల్యం నుంచే శిక్షణ ఇచ్చే ఏర్పాటు స్థిరపడటంతో ఈ కళ క్రమంగా వృత్తి నర్తకుల సొత్తయింది. అంటే, చిన్నప్పుడే మొదలుపెట్టి తీరాలన్న నియమం బ్యాలేతో పాటు పుట్టింది కాదు. బ్యాలే వృత్తిగా మారినప్పుడు ఆ వృత్తి అవసరాల వల్ల వచ్చి చేరింది.

బ్యాలే తరగతిలో వయోజన విద్యార్థికి ఎంతో ధైర్యాన్నిచ్చే అంశం ఒకటుంది. తొలిరోజు అడుగుపెట్టినవారైనా, ప్రధాన పాత్రలు ధరించే నర్తకులైనా రోజును ఒకే చోట, ఒకే కదలికలతో ఆరంభిస్తారు. నడుము ఎత్తుకు కాస్త అటూఇటూగా గోడ వెంట బిగించిన అడ్డకర్రను ‘బార్’ అంటారు; దాని మీద ఒక చేతిని తేలికగా ఆనించి, మోకాళ్ళను వంచే ‘ప్లియే’తో మొదలుపెట్టి, కాలిని చాచడం, వృత్తంగా తిప్పడం, పైకి విసరడం వంటి అభ్యాసాలను ముందు ఒక వైపు, ఆపైన రెండో వైపు చేస్తారు. తరువాత బార్‌ను వదిలి గది మధ్యకు వచ్చి చేతుల కదలికలు, నిలకడ, గిరకీలు, గెంతులు సాధన చేసి, చివర గురువుకూ సంగీతకారుడికీ వంగి నమస్కరించి ముగిస్తారు. ఈ క్రమం ప్రారంభకులకూ ప్రవీణులకూ దాదాపు ఒకటే. వేగం, ఎత్తు, కలయికల జటిలత మాత్రమే మారతాయి. ఈ కారణం చేతనే పెద్దల తరగతిని అసలు విద్యకు పలుచబడిన అనుకరణగా చూడటం పొరపాటు.

ప్లియే అన్న ఫ్రెంచి మాటకు ‘వంచినది’ అని అర్థం. మడమలను కలిపి, మునివేళ్ళను ఇరుపక్కలకు తిప్పి నిలబడి, వెన్ను నిటారుగా ఉంచి, మోకాళ్ళు సరిగా కాలివేళ్ళ దిశలోనే వెళ్ళేలా మెల్లగా వంగి, మడమ నేల విడవబోయే క్షణానికి ముందే పైకి లేవాలి. కూచిపూడి లేదా భరతనాట్యం ఎరిగిన తెలుగు పాఠకులకు వెంటనే అరమండి గుర్తుకు వస్తుంది, పోలిక నిజమే. అయితే అరమండి ఒక నిలకడ, దేహం అందులో కుదురుకుని ఉండగా పాదం నేలను తట్టి లయను పలికిస్తుంది. ప్లియే ఒక ప్రయాణం, అడుగుకు చేరినట్టు కనిపించిన క్షణంలోనే అది పైకి మళ్ళిపోవాలి. మన నృత్యాలలో సాధన ఉన్నవారు బ్యాలే తరగతికి వెళ్ళినప్పుడు వారి మోకాళ్ళు సిద్ధంగానే ఉంటాయి గానీ, వంపు అడుగున ఆగిపోయే అలవాటును వదులుకోవలసి వస్తుంది. ప్రతి గెంతూ ప్లియేలోనే పుట్టి ప్లియేలోనే దిగుతుంది; నేల తాకిన అదురును మోకాలికీ వెన్నుకూ చేరనీయకుండా మింగేసేది ఆ వంపే కాబట్టి, ఎముకలు, కీళ్ళు పసివయసులోలా లేని పెద్దలకు ఇది అలంకారం కాదు, రక్షణ.

మునివేళ్ళను పక్కలకు తిప్పి నిలబడటాన్ని ‘టర్నౌట్’ అంటారు. పెద్దలు తేలికగా గాయపడే చోటు ఇది గనుక దీనిని కొంత నిదానంగా తెలుసుకోవాలి. కాలు పక్కకు తిరగవలసింది పాదం దగ్గర కాదు, తుంటి కీలు దగ్గర. తొడ ఎముక తల కటి ఎముకలోని గిన్నెలాంటి గుంటలో ఇమిడి ఉంటుంది. ఆ గుంట లోతు, దాని ముఖం, తొడ ఎముక మెడకున్న మెలిక మనిషి మనిషికీ వేరు, పెరుగుదల ముగిసిన తరువాత అవి సాధనతో మారేవి కావు. చిత్రాలలో కనిపించినట్టు రెండు పాదాలూ ఒకే సరళరేఖలోకి రావాలని పట్టుబట్టి పాదాలను బలవంతంగా తిప్పితే, తుంటి ఇవ్వని మలుపును మోకాలూ చీలమండా చెల్లించవలసి వస్తుంది. అరికాలి వంపు లోపలికి కుంగి, మోకాలి లోపలి వైపు నొప్పి మొదలవుతుంది. మార్చగలిగింది మాత్రం ఒకటుంది. పిరుదుల పెద్ద కండరం కింద, తొడను వెలుపలికి తిప్పే ఆరు చిన్న కండరాలున్నాయి. వాటికి బలం చేకూరితే, ఎముక అనుమతించిన మలుపునంతటినీ, కాలు గాలిలో ఉన్నప్పుడు కూడా, నిలుపుకోగలుగుతారు. పాదాల మధ్య కోణం తొంభై డిగ్రీలే ఉన్నా అది తుంటి నుంచి వచ్చిందైతే, నేల రాపిడితో బిగబట్టి సాధించిన సరళరేఖ కంటే అది ఉత్తమమైన బ్యాలే.

పిల్లలు చూసి అనుకరిస్తారు, పెద్దలు కారణం తెలుసుకుని చేస్తారు. ‘తాందు’ అనే అభ్యాసంలో కాలిని చాచేటప్పుడు ముందు మడమ, తరువాత అరికాలు, ఆపైన మునిపాదం వరుసగా నేలను విడిచి, చివరకు వేళ్ళ కొసలు మాత్రమే నేలను తాకుతూ ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు అదే వరుస తిరగబడుతుంది. ఈ వరుసను మాటల్లో చెబితే పెద్దలు మొదటి వారంలోనే గ్రహిస్తారు, ఆరేళ్ళ బిడ్డకు అది సాధ్యం కాదు. పెద్దలకు కష్టమనిపించేది మరొకటి: గురువు ఒకసారి చేసి చూపిన ఎనిమిది కదలికల వరుసను వెంటనే గుర్తుంచుకోవడం, దానినే రెండో వైపు అద్దంలోలా తిరగేసి చేయడం. అది బుద్ధి లోపం కాదు, అభ్యాసంతో పెరిగే ప్రత్యేకమైన జ్ఞాపకశక్తి. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. కండరాలు త్వరగా బలపడతాయి, వాటిని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు అంతకంటే చాలా నెమ్మదిగా బలపడతాయి. అందువల్ల మూడో నెలలో వచ్చిన ఉత్సాహంతో గెంతులు పెంచినవారికి మడమ వెనుక స్నాయువు నొప్పి పుట్టే ప్రమాదముంది.

పరికరాలకు పెద్ద ఖర్చు లేదు. ఒంటికి అమరి, మోకాలు గురువుకు కనబడేలా ఉండే దుస్తులు, పలుచని తోలు లేదా కాన్వాసు జోళ్ళు చాలు. నేల విషయంలో మాత్రం రాజీ పడకూడదు: గెంతులు వేసే గదికి కింద కొద్దిగా స్థితిస్థాపకత ఉన్న చెక్క నేల ఉండాలి. మన ఇళ్ళలోని గ్రానైటు, టైల్సు నేలల మీద వంటింటి గట్టునో కుర్చీ వీపునో ఆసరాగా చేసుకుని ప్లియే, తాందు సాధన చేయవచ్చు, గెంతులు మాత్రం తగవు. ఇక బ్యాలే అనగానే కళ్ళ ముందు మెదిలే వేళ్ళ కొసల మీది నడక సంగతి. 1832లో ‘లా సిల్ఫీద్’లో మరీ తాల్యోనీ దానిని కవిత్వంగా మార్చింది. ఆ నడకకు వాడే పాయింట్ జోళ్ళ ముందు భాగం చెక్క కాదు, జిగురుతో పొరలు పొరలుగా అతికి గట్టిపరచిన గుడ్డ, కాగితం. చీలమండ, అరికాలు, నడుము కండరాలు సిద్ధమయ్యేదాకా ఏళ్ళ తరబడి ఆగవలసిన ఆ దశకు చేరకపోయినా విద్య అసంపూర్ణం కాదు.

ఆలస్యంగా మొదలుపెట్టడం గురించి మాట్లాడినప్పుడు దక్షిణ భారతానికి సన్నిహితమైన ఒక పేరు తప్పక గుర్తు రావాలి. 1904లో జన్మించిన రుక్మిణీదేవి అరండేల్, రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా పరిచయంతో తన ఇరవైలలో బ్యాలే నేర్చుకోవడం మొదలుపెట్టారు. పావ్లోవా బృందంలోని క్లియో నోర్డీ ఆమెకు పాఠాలు చెప్పారు. సొంత దేశపు నృత్యాన్ని వెతుక్కొమ్మని పావ్లోవా చేసిన సూచనే ఆమెను భరతనాట్యం వైపు నడిపించింది. ముప్పై ఒక్కేళ్ళ వయసులో, 1935లో, అడయారులో తొలి ప్రదర్శన ఇచ్చిన ఆమె ఆ మరుసటి ఏడాదే కళాక్షేత్రను స్థాపించారు. ఒక వయోజన విద్యార్థిని బ్యాలే పాఠాలు మన నృత్యచరిత్రలో ఒక మలుపుకు దారితీశాయన్నమాట.

నేడు లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ యాభై ఐదేళ్ళు దాటినవారి కోసం ‘సిల్వర్ స్వాన్స్’ పేరుతో తరగతులను ప్రోత్సహిస్తోంది. నృత్యం మతిమరుపు వ్యాధిని అడ్డుకుంటుందన్న ప్రచారాన్ని మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి: న్యూయార్క్‌లో డెబ్భై ఐదేళ్ళు పైబడిన 469 మందిని గమనించి 2003లో వెలువరించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో నృత్యం చేసేవారికి ఆ ముప్పు తక్కువగా కనిపించిన మాట నిజమే, కానీ ముప్పు తగ్గడానికి నృత్యమే కారణమని దానితో రుజువు కాదు, అది బ్యాలేను విడిగా పరీక్షించినదీ కాదు. అదే నగరంలోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్యబృందం పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుల కోసం 2001లో మొదలుపెట్టిన తరగతుల్లో విద్యార్థులు ముందు కుర్చీల్లో కూర్చునే చేతులు చాస్తారు, పాదాలను నేల మీద జరుపుతారు. లేవగలిగినవారు తరువాత లేచి, బార్‌ను పట్టుకుని, సంగీతానికి తగ్గట్టు మోకాళ్ళు వంచుతారు.