ఇంటి కూడిక

ఆదివారం చర్చి నిండుగా ఉంటుంది. పాస్టరు గారు వాక్యం చెబుతారు. అందరూ వింటారు. ఆరాధన అయ్యాక ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఒకామె పిల్లాడికి పది రోజులుగా జ్వరం. ఆ సంగతి పక్కన కూర్చున్నామెకు కూడా తెలియదు. అంత మందిలో ఎవరికి చెప్పుకుంటుంది?

అందుకే చాలా సంఘాలు వారానికి ఒక రోజు ఇంటి కూడిక పెడతాయి. ఒక వాడలోని ఎనిమిది, పది మంది ఒకరి ఇంట్లో చేరతారు. వచ్చే వారం మరొకరి ఇల్లు. తాడేపల్లి లాంటి ఊళ్ళో కొందరు పొలం కూలికి పోతారు. కొందరు కృష్ణ దాటి బెజవాడలో పనికి పోతారు. కాబట్టి అన్నాలు తిన్నాక చేరటమే వీలు. గంటలో ముగించాలి. తెల్లారి మళ్ళీ పని ఉంది కదా!

ఇది కొత్త పద్ధతి కాదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు పక్కనున్న కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. వాళ్ళు జూయెట్ దొర, ఆయన భార్య, నరసు అనే బోధకుడు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళే. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఒంగోలుకు ఒక బోధకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. 1866లో క్లౌ దొర వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది. అప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మందే.

ఇంగ్లాండులో బ్రిస్టల్ అనే ఊరుంది. అక్కడ 1742లో జాన్ వెస్లీ సంఘం వాళ్ళు పన్నెండేసి మందిని ఒక జట్టు చేశారు. ముందు అది ప్రార్థనకు కాదు, అప్పు తీర్చటానికి! మందిరం కట్టిన బాకీ ఉంది. జట్టు పెద్ద ఇంటింటికీ తిరిగి వారానికి ఒక పెన్నీ వసూలు చేశాడు. అలా తిరిగితే ఎవరి కష్టం ఏమిటో తెలిసింది. తర్వాత అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోసాగారు.

కూడికలో పాట పాడతారు. బైబిలు చదువుతారు. ఎప్పుడూ ఒక్కరే చదివితే మిగతావాళ్ళు వినేవాళ్ళుగానే ఉండిపోతారు. తలా ఒక వచనం చదవాలి. బైబిలు తెలుగు పాతకాలపు తెలుగు. కొన్ని మాటలకు నోరు తిరగదు. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివినా తప్పు లేదు. వాడుక భాషలో ఉన్న బైబిళ్ళు కూడా దొరుకుతాయి. చదువు రానామె విన్నదాన్ని తన మాటల్లో చెప్పవచ్చు. ఒక్కోసారి ఆమె చెప్పిందే అందరికీ బాగా అర్థమవుతుంది.

ఆ తర్వాత కష్టసుఖాలు చెప్పుకుంటారు. చాలా కూడికలు చెడేది ఇక్కడే. మొగుడు తాగి కొడుతున్నాడని ఒకామె ఏడుస్తూ చెప్పిందనుకోండి. తెల్లారేసరికి ఆ మాట బోరింగు దగ్గర అందరి నోళ్ళలో ఉంటే? ఆమె మళ్ళీ నోరు విప్పదు. ఇంట్లో ఇంకో నాలుగు దెబ్బలు పడవచ్చు. "ఫలానా ఆమె కోసం ప్రార్థన చేయండమ్మా" అని ఊరంతా చెప్పటం కూడా చాడీయే. ఆమె సరేనంటేనే పాస్టరు గారికైనా చెప్పాలి. అలాగని "ఓర్చుకో అక్కా" అని పంపేయకూడదు. కొట్టటం నేరం. 2005లో గృహ హింస చట్టం వచ్చింది. 181కి ఫోను చేసి సాయం అడగవచ్చు. ఫోను చేసేటప్పుడు పక్కన ఒకరు కూర్చుంటే ఆమెకు ధైర్యం.

జబ్బు సంగతీ అంతే. మిరప తోటలో పురుగుమందు కొట్టి వచ్చినవారికి తల తిరిగి, వాంతులవుతున్నాయంటే వెంటనే 108కి ఫోను చేయాలి. మందు డబ్బా కూడా ఆస్పత్రికి పట్టుకెళ్ళాలి. ఏ మందో డాక్టరుకు తెలుస్తుంది. ప్రార్థన బండిలో కూర్చుని కూడా చేసుకోవచ్చు.

కొన్ని సంఘాల్లో ఆడవాళ్ళు వండేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆ బియ్యం సంఘానికి ఇస్తారు. కూలి దొరకని వారంలో ఇల్లు గడవనివారికి ఇచ్చినా మంచిదే. ఎంత వచ్చింది, ఎవరికి ఇచ్చింది పుస్తకంలో రాసుకోవాలి. ఇక టీలు, బిస్కట్లు వద్దు. ఒకరు పెడితే మరొకరు పోటీ పడతారు. లేనివారు తమ ఇంట్లో కూడిక పెట్టటానికే సిగ్గుపడతారు. మంచినీళ్ళు చాలు.

కూడికకు పదిహేను మంది దాటితే రెండు కూడికలు చేయాలి. విడిపోవటానికి మొదట ఎవరికీ మనసొప్పదు. కానీ చాప మీద చోటు లేక గుమ్మం బయట కూర్చున్నామె వంతు రాకుండానే గంట అయిపోతుంది.