కొత్త కంప్యూటరు: పెట్టె ధర ఒకటి, లోపలి సరుకు ధర వేరొకటి

సభ్య సంఘాల తీర్మానాల పుస్తకాలు తనిఖీ చేసేటప్పుడు ఈమధ్య మాకు తరచుగా ఒక వాక్యం కనబడుతున్నది: "సంఘమునకు కంప్యూటరు ఒకటి కొనుటకు తీర్మానించడమైనది." దాని పక్కన ఒక మొత్తం ఉంటుంది. అది దుకాణదారు చెప్పిన యంత్రం ధర. ఆ యంత్రంతో పాల లెక్క వేయడానికి లోపల ఏమేమి ఉండాలి, వాటి ఖరీదెంత, ఏటేటా కట్టవలసినది ఎంత అన్న వివరం మాత్రం ఎక్కడా ఉండదు.

ఎనుమును సంతలో కొనేటప్పుడు మన రైతు ఈ పొరపాటు చేయడు. సంతలో చెప్పే ధర ఎనుము ధర మాత్రమే. చొప్ప, తౌడు, చెక్క, కొట్టం, పశువైద్యుని ఖర్చు ఇంటికి వచ్చాక మొదలవుతాయి. వాటిని లెక్కవేసుకున్న తరువాతే రైతు బేరానికి దిగుతాడు. కంప్యూటరుకు మేపు సాఫ్ట్‌వేరు. అది లేని యంత్రం వట్టి పెట్టె. ఆ మేపు ఖరీదు ఎలా కట్టాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ఒక సంఘం అనుభవం

సోమందేపల్లి ప్రాంతంలోని ఒక పాల సంఘం 2022లో బెంగళూరు నుంచి వాడిన కంప్యూటరు ఒకటి తెచ్చుకున్నది. మేము తనిఖీకి వెళ్ళినప్పుడు అధ్యక్షుల వారు సంతోషంగా, "అన్నీ దాంట్లోనే ఏసిచ్చినాడు సార్, ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు" అన్నారు. "అన్నీ" అనగా మూల సాఫ్ట్‌వేరు, ఉత్తరాలు టైపు చేసేది, లెక్కలు వేసేది. మూడూ దొంగ కాపీలే. వాటికి తాళం విరగ్గొట్టిన చిన్న ప్రోగ్రాం కూడా వాటితోపాటే వచ్చింది.

పదినెలలు బాగానే నడిచింది. ఒక ఉదయం పాల సేకరణ సమయానికి ఫైళ్ళన్నీ పేర్లు మారి, ఏదీ తెరుచుకోలేదు. డబ్బు పంపితే తాళం తీస్తామని తెరపై ప్రకటన వచ్చింది. సంఘం డబ్బు పంపలేదు, అది మంచి పనే. కానీ ఆ పక్షంలో పదమూడు రోజుల పాల లెక్క, దాణా బాకీల ఖాతా పోయాయి. వేరే ప్రతి ఎక్కడా లేదు. చేతిరాత రిజిస్టరు అంతకు మూడు నెలల ముందే మానివేశారు.

బట్వాడా పందొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఆ ఏడు వేరుశనగ సరిగా పండలేదు. చాలా ఇళ్ళలో చేతికి వచ్చే డబ్బు పాల డబ్బు ఒక్కటే. చివరకు సభ్యుల వద్ద ఉన్న స్లిప్పులను, డెయిరీ వారి ట్యాంకరు లెక్కలను సరిపోల్చి బిల్లు తయారు చేశాము. పొద్దూ మాపూ రెండు లీటర్ల చొప్పున పాలు పోసే ఒక ముసలమ్మ పదమూడు రోజుల స్లిప్పులూ కమ్మీకి గుచ్చి పెట్టుకున్నది. ఆమెకు పైసా తేడా రాలేదు. స్లిప్పులు పారవేసినవారికి మాత్రం సగటు కట్టి ఇవ్వవలసి వచ్చింది. ఆ సగటుపై గొడవలు సర్వసభ్య సమావేశం దాకా సాగాయి.

ఈ తప్పులో మాకూ పాలు ఉన్నది. చేతిరాత రిజిస్టరు మానవచ్చునా అని కార్యదర్శి అడిగినప్పుడు, కంప్యూటరు ఉన్నది కదా అని మేము అభ్యంతరం చెప్పలేదు. లెక్కకు రెండవ ప్రతి ఉన్నదా అని అడిగి ఉండవలసింది, అడగలేదు.

ఆ సంఘం సాఫ్ట్‌వేరుకు "ఒక్క రూపాయి" పెట్టలేదు. అయినా దాని ఖరీదు సభ్యులు చెల్లించారు.

సంఘానికి కావలసినవి ఏవి?

పాల సంఘం కంప్యూటరుకు తప్పనిసరి అయినవి ఆరు: యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేరు, ఉత్తరాలకు పట్టికలకు ఆఫీసు సాఫ్ట్‌వేరు, తెలుగు అక్షరాలు, వైరస్ రక్షణ, జమాఖర్చుల ప్రోగ్రాం, పాల సేకరణ ప్రోగ్రాం. వీటిలో మొదటి నాలుగింటికి సంఘం చాలా తక్కువ ఖర్చుతో, కొన్నింటికి ఖర్చే లేకుండా, చట్టబద్ధంగా ఏర్పాటు చేసుకోవచ్చును.

మూల సాఫ్ట్‌వేరు: ఎక్కువ సంఘాలలో ఉన్నది విండోస్. కొత్త యంత్రంతోపాటే లైసెన్సు కొంటే బిల్లులో ఆ మాట స్పష్టంగా ఉండాలి. వాడిన యంత్రం కొనేవారు మరొకటి గమనించాలి. విండోస్ 10కి తయారీదారు ఇచ్చే మామూలు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కనీసం 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ స్థలం, ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు ఉండాలి. పాత యంత్రాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. చవకగా వచ్చిన యంత్రం అందుకే చవక.

దీనికి బదులు లినక్స్ ఉన్నది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ పని నేడు ప్రపంచమంతటా సాగుతున్నది. ఉబుంటు వంటివి ఉచితంగా దొరుకుతాయి. మన ప్రభుత్వ సంస్థ సీ-డాక్ కూడా బాస్ అనే పేరుతో లినక్స్‌ను తయారు చేసింది. తెలుగు రాష్ట్రాలలో స్వేచ్ఛ అనే సంస్థ ఇటువంటి సాఫ్ట్‌వేరును ప్రచారం చేస్తూ, తెలుగులోకి తెస్తూ ఉన్నది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్ల తరబడి దీనినే వాడుతున్నాయి. అయితే ఒక జాగ్రత్త. కొన్ని పాల సేకరణ ప్రోగ్రాములు విండోస్‌పై మాత్రమే నడుస్తాయి. కనుక ముందు ఆ ప్రోగ్రాం నిర్ణయించుకుని, తరువాత మూల సాఫ్ట్‌వేరు నిర్ణయించుకోవలెను.

ఆఫీసు సాఫ్ట్‌వేరు: నోటీసులు, మహజర్లు, పట్టికలు రాయడానికి లిబ్రే ఆఫీసు చాలును. ఇది 2010 నుంచి ఉన్నది, ఉచితం. ఇతరులు పంపే ఎక్సెల్ పట్టికలు కూడా ఇందులో తెరుచుకుంటాయి. డబ్బు పెట్టి కొనే రకాలలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఒకేసారి కొనుగోలు. రెండవది ఏటేటా చందా. చందా రకం మొదటి ఏడు చవకగా కనిపిస్తుంది. ఐదేండ్లకు గుణించి చూడవలెను.

తెలుగు అక్షరాలు: సొంత పద్ధతిలో నడిచే పాత ఫాంటులతో టైపు చేయించిన నోటీసు మరొక కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులుగా కనిపించడం మనలో చాలామంది చూసినదే. యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 1991 నుంచే స్థానం ఉన్నది. ఆ పద్ధతిలో టైపు చేసినది ఎక్కడైనా, ఫోనులోనైనా చదవవచ్చును. టైపు చేసే సదుపాయం విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ముందే ఉంటుంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ అనే పేర్లతో ఉచిత ఫాంటులున్నాయి. పెనుకొండ కోట నీడన ఉన్న మనకు ఆ పేర్లు కొత్త కావు. వీటికి సంఘం ఖర్చు సున్న.

వైరస్ రక్షణ: విండోస్ 8 నాటి నుంచి డిఫెండర్ అనే రక్షణ విండోస్‌తోనే వస్తున్నది. మామూలు వాడుకకు అది ఉపయోగపడుతుంది. అయితే దొంగ కాపీ వేసేవారు తాళం విరగ్గొట్టే ప్రోగ్రాం కోసం మొదట ఆపివేసేది దీనినే. ఇంటిలో దొంగను దాచుకుని కుక్కను కట్టివేసినట్లు అవుతుంది.

దొంగ కాపీ గురించి చట్టం ఏమంటున్నదో కూడా పాలకవర్గం తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 63-బి సెక్షను ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటరులో వాడినవారికి ఏడు రోజులకు తగ్గకుండా మూడేండ్ల వరకు జైలు, రూ. 50,000 నుంచి రూ. 2,00,000 వరకు జరిమానా ఉన్నవి.

అసలు ఖర్చు ఎక్కడ?

జమాఖర్చుల ప్రోగ్రాం, పాల సేకరణ ప్రోగ్రాం: ఈ రెండింటి వద్దే సంఘం డబ్బు నిజంగా ఖర్చవుతుంది. జమాఖర్చులకు ఏ ప్రోగ్రాం కొన్నా, దాని లైసెన్సు ఎన్నేండ్లకు, ఒకేసారి ఎన్ని యంత్రాలపై పనిచేస్తుంది, ఏటేటా కట్టవలసినది ఎంత అని అడగవలెను. పాల ప్రోగ్రాం విషయంలో ఇంకొంత లోతుకు పోవాలి. ఏలయనగా సభ్యుని చేతికి వచ్చే డబ్బు దాని లోపలే నిర్ణయమవుతుంది.

ధరను లీటరు లెక్కకు మార్చి చూడటం మంచి పద్ధతి. ఉదాహరణకు పాల ప్రోగ్రాం రూ. 15,000 అనుకుందాము. మొదటి ఏడు నిర్వహణ ఉచితం, తరువాత నాలుగేండ్లు ఏటా రూ. 5,000. మొత్తం రూ. 35,000. దానిపై 18 శాతం జీఎస్టీ రూ. 6,300 కలిపితే ఐదేండ్లకు రూ. 41,300 అవుతుంది. దుకాణదారు చెప్పినది పదిహేను వేలు. అసలు ఖర్చు దానికి రెండున్నర రెట్లకు మించినది.

రోజుకు 300 లీటర్లు సేకరించే సంఘం ఐదేండ్లలో 5,47,500 లీటర్లు సేకరిస్తుంది. అనగా లీటరుకు సుమారు ఏడున్నర పైసలు. రోజుకు 100 లీటర్లే వచ్చే చిన్న సంఘానికి అదే ఖర్చు లీటరుకు ఇరవై రెండున్నర పైసలు. ఇటువంటి చిన్న సంఘాలు ఒక్కొక్కటిగా కొనక, నాలుగైదు కలిసి బేరమాడటం మంచిది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ కూడా సహకార డెయిరీల కోసం పాల సేకరణ సాఫ్ట్‌వేరు తయారు చేసింది. బజారులో కొనే ముందు దాని గురించి డెయిరీ కార్యాలయంలో విచారించవలెను.

ఇప్పుడు లెక్క తప్పితే ఎంత పోతుందో చూడండి. వెన్న కిలో ధర రూ. 800 అనుకుందాము. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు. వెన్న శాతంలో ఒక్క పాయింటు, అనగా 0.1, తక్కువ పడితే లీటరుకు 82 పైసలు పోతుంది. రోజుకు పది లీటర్లు పోసే సభ్యునికి పక్షానికి సుమారు రూ. 123 నష్టం. 4.68ని 4.7గా చేయకుండా 4.6కు దించే ప్రోగ్రాం ప్రతి పూటా ఇటువంటి కోత వేస్తుంది. ఏడున్నర పైసల దగ్గర బేరమాడి, ఎనభై పైసల దగ్గర కండ్లు మూసుకోవడం తెలివి కాదు.

వెన్న కాని ఘనపదార్థాల విషయం మరీ ముఖ్యం. లాక్టోమీటరు రీడింగు నుంచి వాటిని కట్టడానికి ఒకటికంటే ఎక్కువ సూత్రాలు వాడుకలో ఉన్నాయి. ఒకదానిలో రీడింగును నాలుగుతో భాగించి, దానికి వెన్న శాతంలో 0.25 వంతును, 0.44ను కలుపుతారు. మరొకదానిలో వెన్న శాతంలో 0.21 వంతును, 0.36ను కలుపుతారు. రీడింగు 28, వెన్న 4 ఉన్న ఆవుపాలకు మొదటి సూత్రం 8.44 చూపుతుంది, రెండవది 8.20. ఆవుపాలకు ఆహార ప్రమాణాల ప్రకారం ఉండవలసిన కనీసం 8.3. పాలు అవే, క్యాను అదే. ఒక ప్రోగ్రాములో పాసవుతాయి, మరొక దానిలో తప్పుతాయి. కనుక ప్రోగ్రాములో ఉన్న సూత్రం, డెయిరీ వారు వాడే సూత్రం ఒకటేనా అని కొనేముందే రాతపూర్వకంగా తెలుసుకోవలెను.

తీర్మానం చేసే ముందు

కంప్యూటరు కొనే సంఘాలు కొటేషనులో ఈ క్రింది వివరాలు విడివిడిగా అడగవలెను.

1. యంత్రం ధర, దానితో వచ్చే ప్రతి సాఫ్ట్‌వేరు పేరు, లైసెన్సు ఎవరి పేరున ఉంటుంది అన్నది.

2. ఒక్కొక్క దానికి ఐదేండ్ల మొత్తం ఖర్చు, పన్నుతో సహా. ఏటేటా రుసుము ఎంతవరకు పెంచవచ్చునో ఒప్పందంలో ఉండాలి.

3. నిర్వహణ రుసుము కట్టకపోతే ప్రోగ్రాం ఆగిపోతుందా, పాత లెక్కలు చూడగలమా అన్నది.

4. పాల లెక్కలు సంఘం సొత్తు అన్న మాట. సంఘం అడిగినప్పుడు వాటిని మామూలు పట్టిక రూపంలో ఇవ్వాలి. ఇవ్వని ప్రోగ్రాం ఎంత చవకైనా కొనరాదు.

5. వెన్న, ఘనపదార్థాల లెక్క సూత్రం, దశాంశాలను సరిచేసే పద్ధతి, కిలోను లీటరుగా మార్చే పద్ధతి.

6. కార్యదర్శికి, మరొకరికి శిక్షణ. ఒక్కరికే తెలిసిన కంప్యూటరు ఆ ఒక్కరూ సెలవు పెట్టిన రోజున మూగదే.

కొన్న తరువాత ప్రతి పూట సేకరణ ముగిసిన వెంటనే మొత్తాల కాగితం ఒకటి అచ్చుతీసి, కార్యదర్శి సంతకం చేసి ఫైలులో పెట్టవలెను. లెక్కల ప్రతిని రెండు పెన్‌డ్రైవులలో మార్చి మార్చి తీసుకుని, ఒకటి సంఘంలో, రెండవది అధ్యక్షుల వారి ఇంట్లో ఉంచవలెను. వీటిని ఎప్పుడూ కంప్యూటరుకే తగిలించి ఉంచరాదు. ఈ రెండు పెన్‌డ్రైవుల ఖర్చు పెద్దది కాదు.

సభ్యులు కూడా తమవంతు చేయవలసినది ఉన్నది. బట్వాడా ముగిసేదాకా స్లిప్పులు పారవేయకండి. సర్వసభ్య సమావేశంలో కంప్యూటరు ఖర్చు చదివినప్పుడు, "యంత్రానికి ఎంత? లోపలి సరుకుకు ఎంత? ఏటేటా ఎంత?" అని మూడు ప్రశ్నలు అడగండి. అడగడం పాలకవర్గాన్ని అనుమానించడం కాదు. అడిగే సభ్యులున్న చోటే లెక్క సరిగా ఉంటుంది.

పైన చెప్పిన సంఘం ఇప్పుడు లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేరుతోనే నడుస్తున్నది. పోయినసారి తనిఖీకి వెళ్ళినప్పుడు మేము మొదట అడిగినది రెండవ పెన్‌డ్రైవు ఎక్కడ ఉన్నదని. అధ్యక్షుల వారు ఇంటికి మనిషిని పంపి తెప్పించారు. తెరిచి చూశాము. నిన్నటి మాపటి పాల వరకు లెక్క సరిగా ఉన్నది.