మనసు తప్పిన చోటే సాధన

ధ్యానం మొదలుపెట్టి కొద్దిరోజులకే మానేసేవారు తరచుగా చెప్పే కారణం మనసు నిలవడం లేదన్నది. ఆలోచనలు పూర్తిగా ఆగిపోవడమే ధ్యానమనీ, ఒక ఆలోచన వచ్చిందంటే అది చెడిపోయిందనీ భావించడం వల్ల ఈ నిరాశ పుడుతుంది. శ్వాస మీదనో ఒక నామం మీదనో నిలిపిన దృష్టి జారిపోవడం, జారిందని గుర్తించడం, విసుక్కోకుండా దాన్ని తిరిగి మొదటి చోటికి తేవడం, ఈ మూడూ కలిసినదే ధ్యానాభ్యాసం. భగవద్గీత ఆరో అధ్యాయంలో మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టమని అర్జునుడు అన్నప్పుడు కృష్ణుడు ఆ మాటను కాదనలేదు. అభ్యాస వైరాగ్యాలతో అది వశమవుతుందని మాత్రమే చెప్పాడు.

ఈ అభ్యాసం శరీరానికి ఎందుకు విశ్రాంతినిస్తుందో తెలియాలంటే నాడీవ్యవస్థను చూడాలి. గుండె, శ్వాస, జీర్ణక్రియ వంటివాటిని మనిషి ప్రమేయం లేకుండా నడిపే నాడీవ్యవస్థను స్వయంచోదిత నాడీవ్యవస్థ అంటారు. దానిలో సింపథెటిక్ అనే భాగం ప్రమాదం ఎదురైనప్పుడు గుండె వేగాన్ని, రక్తపోటును పెంచి, అడ్రినలిన్ వంటి హార్మోన్లను విడుదల చేయించి, పోరాటానికో పరుగుకో శరీరాన్ని సిద్ధం చేస్తే, పారాసింపథెటిక్ అనే రెండో భాగం ఆ ఉద్ధృతిని తగ్గించి శరీరాన్ని విశ్రాంతికి మళ్ళిస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, ఎదురుగా వచ్చిన పాముకూ, రేపు కట్టవలసిన అప్పు వాయిదా తలపుకూ శరీరం దాదాపు ఒకే విధంగా స్పందిస్తుంది. పాము వెళ్ళిపోయాక గుండె నెమ్మదిస్తుంది గాని, తలపు రోజంతా మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. శ్వాస వదిలేటప్పుడు పారాసింపథెటిక్ భాగానికి చెందిన వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె కొద్దిగా నెమ్మదిస్తుంది; నిదానంగా, దీర్ఘంగా ఊపిరి వదలడాన్ని చాలా సంప్రదాయాలు ఏదో ఒక రూపంలో నేర్పాయి.

విశ్రాంతికి శ్వాసే కాక కండరాలూ ఒక దారి. అమెరికాలో ఎడ్మండ్ జాకబ్సన్ అనే వైద్యుడు 1929లో ప్రచురించిన గ్రంథంలో, కండరాలు బిగుసుకొని ఉన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదని, ముందు ఆ బిగువును గుర్తించడం నేర్చుకుంటేనే దాన్ని వదలడం సాధ్యమని వివరించాడు. కావాలని ఒక కండరాన్ని బిగించి, తరువాత వదిలి, రెండింటి మధ్య తేడాను గమనించే ఆయన పద్ధతిని నేటికీ వాడుతున్నారు. హార్వర్డ్‌లో హృద్రోగ నిపుణుడైన హెర్బర్ట్ బెన్సన్, మహర్షి మహేశ్ యోగి నేర్పిన భావాతీత ధ్యానం చేసేవారిని పరీక్షించి, ఆ సమయంలో వారు వినియోగించే ఆక్సిజన్ తగ్గుతుందనీ, శ్వాస నెమ్మదిస్తుందనీ గమనించి, ఒత్తిడికి ఎదురుగా పనిచేసే ఈ స్పందనను 1975లో వెలువడిన తన పుస్తకంలో సామాన్యులకు పరిచయం చేశాడు. ఆయన సూచించిన విధానం తేలికైనది: హాయిగా కూర్చుని కళ్ళు మూసుకొని, పాదాల నుంచి ముఖం వరకు కండరాలను సడలించి, శ్వాస వదిలిన ప్రతిసారీ ఒక చిన్న మాటను మనసులో అనుకుంటూ పది నుంచి ఇరవై నిమిషాలు గడపాలి, భోజనం చేసిన రెండు గంటల లోపు చేయకూడదు. సాధన సరిగా సాగుతోందా లేదా అన్న చింత పెట్టుకోకూడదన్నదే ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, ఎందుకంటే విశ్రాంతి కోసం పంతం పట్టి ప్రయత్నించేవారి శరీరం ఆ ప్రయత్నంతోనే మళ్ళీ బిగుసుకుంటుంది.

ఫలితాల విషయంలో అతిశయోక్తి ఎక్కువగా వినిపిస్తుంది కాబట్టి, ఆధారాలను కొంత నిలకడగా చూడడం అవసరం. 47 పరీక్షలలోని 3,515 మంది వివరాలను పరిశీలించి 2014లో వెలువడిన ఒక సమీక్ష, ధ్యాన శిక్షణ వల్ల ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుతాయని తేల్చింది; మందులకన్నా, వ్యాయామంకన్నా అది మెరుగైనదనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. ఇది చిన్న ఫలితమని తీసిపారేయడం తగదు. ఖర్చు లేకుండా, ఏ ఇంట్లోనైనా, ఏ వయసులోనైనా చేయగలిగిన పని అంతటి ఉపశమనం ఇవ్వడం నిజంగా విలువైనదే.

ఆ ఉపశమనం నిలవాలంటే క్రమం తప్పకూడదు. అభ్యాసం గట్టిపడడానికి దీర్ఘకాలం, ఎడతెగనితనం, ఆదరభావం కావాలని పతంజలి యోగసూత్రాలు చెబుతాయి. ధ్యాన గురువు సత్యనారాయణ్ గోయెంకా పరంపరలో నడిచే విపశ్యన ధ్యాన కేంద్రాలలో, హైదరాబాద్ శివార్లలోని ధమ్మఖేత్తలో సైతం, పది రోజుల మౌన శిబిరంలో తొలి మూడు రోజులు సహజ శ్వాసను గమనించడానికే కేటాయిస్తారు. ఇంటికి వెళ్ళాక ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోమంటారు. సంసార బాధ్యతల మధ్య అంత వ్యవధి దొరకనివారు రోజూ ఒకే వేళకు పది నిమిషాలు కూర్చోవడం, ఆదివారం ఒక్కనాడు గంటసేపు కూర్చోవడంకన్నా మేలు, ఎందుకంటే అలవాటు వేళతో, చోటుతో ముడిపడి బలపడుతుంది.

అయితే ధ్యానం అందరికీ ఒకేలా సరిపడదు. తీవ్రమైన మానసిక అస్వస్థతకు, లోతైన భయానక అనుభవాలకు లోనైనవారిలో దీర్ఘ మౌన శిబిరాలు పాత బాధను రేపవచ్చు కాబట్టి, అటువంటివారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి, వాడుతున్న మందులను సొంతంగా ఆపకూడదు. కళ్ళు మూసుకోగానే గుండె దడ పెరిగేవారు కళ్ళు తెరిచే ఉంచి, నేల మీద పాదాల స్పర్శను గమనిస్తూ నెమ్మదిగా నడవవచ్చు. బౌద్ధ సంప్రదాయంలో అలా నడవడం కూడా కూర్చుని చేసే ధ్యానంతో సమానమైన సాధనే.