రెండడుగుల బ్యాలెట్

2024 జూన్ 4, మంగళవారం మన లోక్‌సభ ఫలితాలు. ఈ సంచిక అచ్చుకు వెళ్లింది వాటికంటే ముందే. ఆలోగా మన ఎన్నికల మీద ఏం రాసినా జోస్యమే అయ్యేది. అందుకని ఎడిటర్‌గారు వేరే ఎన్నిక చూసుకోమన్నారు. జూన్ 6 నుంచి 9 దాకా 27 దేశాలు కలిసి యూరోపియన్ పార్లమెంటుకు 720 మంది సభ్యులను ఎన్నుకున్నాయి. ‘‘ఏదో ఒక దేశం పట్టుకో, దాన్నిబట్టి మొత్తం చెప్పు’’ అన్నారు.

పట్టుకున్నది ఐర్లండ్. మొత్తం చెప్పడం మాత్రం నావల్ల కాలేదు, ఒక కాగితం దగ్గరే ఆగిపోయాను.

ఆ కాగితం మిడ్‌లాండ్స్-నార్త్-వెస్ట్ నియోజకవర్గం బ్యాలెట్. శుక్రవారం 7న అక్కడ పోలింగ్ జరిగింది. అట్లాంటిక్ ఒడ్డున ఉన్న డానిగాల్, మేయో నుంచి తూర్పు తీరంలోని లౌత్ దాకా, డబ్లిన్‌ను ఆనుకుని ఉన్న కిల్డేర్‌తో సహా 15 కౌంటీలు ఈ ఒక్క నియోజకవర్గంలోకే వస్తాయి. సీట్లు 5, పోటీలో నిలిచింది 27 మంది. ఒక్కొక్కరి పేరు, ఫొటో, పార్టీ ఉంటే దాని చిహ్నం, పక్కన ఓ ఖాళీ గడి. అన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చేసరికి కాగితం పొడవు రెండడుగులు దాటింది. పార్టీ అండ లేనివాళ్లు 1,800 యూరోలు డిపాజిట్ కట్టాలి, లేదంటే 60 మంది ఓటర్ల మద్దతు చూపాలి. అంత తేలిగ్గా బరిలోకి దిగొచ్చు కాబట్టి ఇంతమంది.

నల్గొండ పాఠకులు ఇక్కడ నవ్వుకుంటారని తెలుసు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించడానికి ఆ ఒక్క లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది, పోలింగే వాయిదా పడింది. దానిముందు 27 పేర్లు ఒక లెక్కా?

లెక్కే. నల్గొండ ఓటరు ఆ పుస్తకంలో ఒక్కచోట ముద్ర గుద్ది బయటపడ్డాడు. ఐర్లండ్ ఓటరు అంకెలు వేయాలి. నచ్చిన మనిషికి 1, ఆ తర్వాతి మనిషికి 2, ఓపికుంటే 27 దాకా. ఎక్కడ ఆపేసినా ఓటు చెల్లుతుంది. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసినవాళ్లకు ఇది కొత్త కాదు. 2024 మే 27న వరంగల్-ఖమ్మం-నల్గొండ ఉప ఎన్నికలో 52 మంది పేర్లున్న కాగితం మీద, అక్కడిచ్చిన స్కెచ్ పెన్నుతోనే మనమూ ఇదే పని చేశాం. పల్లా రాజేశ్వర్ రెడ్డి జనగామ ఎమ్మెల్యేగా గెలవడంతో ఖాళీ అయిన సీటది. లెక్కింపు జూన్ 5న మొదలైంది. డబ్లిన్‌లో పోలింగ్ తెరిచేనాటికి మనవాళ్లు వెనకబడినవాళ్లను తప్పించే ఎలిమినేషన్ల మధ్యలో ఉన్నా ఆశ్చర్యం లేదనుకున్నాను. 2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానంలో 93 మంది నిలిచినప్పుడు రోజుల తరబడి లెక్కపెట్టిన సంగతి గుర్తుందిగా.

అయితే మనకు ఒక్క సీటు. సగానికి పైన ఓట్లు వస్తే చాలు, కథ ముగిసినట్టే. ఐర్లండ్ లెక్కలో ఐదు సీట్లున్నాయి, అసలు రుచి అక్కడే. చెల్లిన ఓట్లను సీట్ల కంటే ఒకటి ఎక్కువతో భాగించి, వచ్చినదానికి ఒకటి కలిపితే గెలుపు కోటా. ఆరు లక్షల ఓట్లు చెల్లాయనుకుందాం. ఆరుతో భాగిస్తే లక్ష, ఒకటి కలిపితే 1,00,001. ఆ అంకెను ఐదుగురు అందుకోగలరు గాని, ఆరో మనిషికి ఓట్లు చాలవు.

ఒకరికి లక్షా ఇరవై వేలు వచ్చాయంటే ఆ పైచిలుకు వృథా పోదు. ఆయన కట్టలన్నీ విప్పి, ప్రతి కాగితం మీద 2 ఎవరికి ఉందో చూసి, ఆ నిష్పత్తిలో మిగులు ఓట్లను మిగతావాళ్లకు పంచుతారు. మన రాజ్యసభ ఎన్నికలో ఒక్కో ఓటుకు 100 విలువ కట్టి, మిగులును భిన్నాల్లో పంచుతారు. ఐర్లండ్‌లో భిన్నాల్లేవు. కాగితాన్నే ఎత్తి పక్క కట్టలో పెడతారు. అందుకే ఏ కాగితం ఏ కట్టలో ఏ వరసలో ఉందన్నది అక్కడ ప్రాణంతో సమానం. ఇక అడుగున ఉన్నవాళ్లను తప్పించుకుంటూ పోయి, వాళ్ల ఓటర్లు తర్వాత ఎవరిని కోరారో వెతుకుతారు. ఓడినవాడికి వేసిన ఓటు కూడా లెక్కింపు గదిలో రెండోసారి, మూడోసారి లేచి నిలబడుతుంది. మన ఎంపీ ఎన్నికలో ఓడినవాడికి వేసిన ఓటుకు ఆ యోగం లేదు. నాకు ఈ పద్ధతి మీద ఇష్టం ఉందని దాచను.

ఐర్లండ్‌లో ఓటింగ్ యంత్రాలు ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. 2002లో మూడు నియోజకవర్గాల్లో వాడి చూశారు. తర్వాత దేశమంతటికీ ఏడు వేలకు పైగా కొన్నారు. మొత్తం ఖర్చు 5 కోట్ల యూరోలు దాటింది. 2004లో ఒక స్వతంత్ర కమిషన్ వాటిని పూర్తిగా నమ్మలేమని చెప్పేసరికి గోదాముల్లోకి వెళ్లాయి. 2012లో తుక్కుకు అమ్మితే చేతికొచ్చింది సుమారు 70 వేల యూరోలు. ఈవీఎంలతో దేశమంతా ఒక్క రోజులో తేల్చేసే మనకు ఇది వెనకబాటులా కనిపించవచ్చు. కానీ కాగితం చేతిలో ఉంటే అనుమానం వచ్చినవాడు అడగొచ్చు, మళ్లీ చూడొచ్చు. 2019లో సౌత్ నియోజకవర్గంలో గ్రీన్ పార్టీ గ్రేస్ ఓసలివన్‌కూ షిన్ ఫేన్ పార్టీ లియా నీ రీయడాకూ మధ్య తేడా 327 ఓట్లే. ఏడు లక్షలకు పైగా కాగితాలు మళ్లీ లెక్కపెట్టడం మొదలైంది, 28 రోజులు పట్టొచ్చన్నారు. కొద్ది రోజులకే, ఫలితం మారేలా లేదని తేలి, అడిగినవాళ్లే విరమించుకున్నారు. విరమించుకోవడమూ ఆ కాగితాలను కళ్లతో చూశాకే.

లెక్కింపు కేంద్రాల్లో నాకు అందరికంటే నచ్చేది ట్యాలీమెన్. పార్టీల కార్యకర్తలు. బల్లల ముందు అడ్డుగా కట్టిన కంచె మీదికి వంగి, పెట్టె విప్పగానే ఒక్కో కాగితం మీద 1 ఎవరికుందో చూసి తమ పుస్తకంలో గీతలు పెట్టుకుంటారు. ఏ పెట్టె ఏ ఊరిదో వాళ్లకు తెలుసు. అధికారులు నోరు విప్పకముందే ఎవరు గట్టెక్కారో, ఎవరు మునిగారో చెప్పేస్తారు. విచిత్రమేమంటే, ప్రత్యర్థి పార్టీలవాళ్లు ఆ గీతలను పరస్పరం పంచుకుంటారు. రెండడుగుల కాగితం మీద ఆ 1 ఎక్కడుందో రెప్పపాటులో పట్టుకోవడం 2024లో వాళ్లకు పరీక్షే. వాళ్ల జోస్యాలు చకచకా వచ్చినా అధికారిక ఫలితం మాత్రం ఆగాల్సిందే. యూరప్ అంతటా పోలింగ్ ముగిసేదాకా, అంటే జూన్ 9 ఆదివారం ఐర్లండ్ సమయం ప్రకారం రాత్రి 10 గంటల వరకూ ఏ అంకే ప్రకటించకూడదన్నారు. మనకప్పుడు సోమవారం తెల్లవారుజాము రెండున్నర. మిడ్‌లాండ్స్ లెక్కింపు మేయో కౌంటీలోని కాసిల్‌బార్‌లో. అది వారం మధ్యదాకా సాగినా నివ్వెరపోననుకున్నాను.

ఆ కాగితంలో నాకు నచ్చనిది పేర్ల వరస. అభ్యర్థులను ఇంటిపేరు అక్షరక్రమంలో వేస్తారు. ‘ఏ’తో మొదలైనవాడు నెత్తిన, ‘డబ్ల్యూ’వాడు పాదాల దగ్గర. నచ్చినవాడికి 1 వేశాక విసుగుతో పైనుంచి కిందికి 2, 3, 4 వేసుకుంటూ పోయే ఓటరు ఎక్కడైనా ఉంటాడు. 27 పేర్లలో ఆ విసుగు విలువ చిన్నది కాదు.

ఎడిటర్‌గారు మొత్తం చెప్పమన్నారు కాబట్టి చరిత్ర గబగబా: 1952లో యూరోపియన్ బొగ్గు-ఉక్కు సమాజానికి అనుబంధంగా పుట్టిన సభే ఈ యూరోపియన్ పార్లమెంటు. 1979 దాకా దేశాల పార్లమెంట్లే సభ్యులను పంపేవి, ఆ ఏడాది నుంచి ప్రజలు నేరుగా ఎన్నుకుంటున్నారు. ఐర్లండ్ ఈ కూటమిలో చేరింది 1973లో. 1979లో 15 సీట్లు, ఇప్పుడు 14: డబ్లిన్‌కు 4, మిగతా రెండు నియోజకవర్గాలకూ ఐదేసి. జర్మనీకి 96, మాల్టాకు 6. ఐర్లండ్ కాక ఈ అంకెల పద్ధతి వాడేది మాల్టా ఒక్కటే.

ఇంత జాగ్రత్తగా ఎన్నుకున్నవాళ్లు అక్కడికెళ్లి ఏం చేస్తారన్న దగ్గర నా ఉత్సాహం తగ్గుతుంది. ఈ పార్లమెంటు సొంతంగా చట్టం ప్రతిపాదించలేదు, ఆ హక్కు యూరోపియన్ కమిషన్‌ది. వచ్చినదాన్ని సవరిస్తుంది, ఆమోదిస్తుంది, తిరస్కరిస్తుంది. బడ్జెట్ మీద, కమిషన్ అధ్యక్ష పదవి మీద దాని మాట చెల్లుతుంది. అది తక్కువేం కాదు గాని, ఓటరుకు కనిపించదు. 2019లో ఐర్లండ్‌లో పోలింగ్ సగానికి చేరలేదు. 2024లోనూ ఇళ్ల ముందుకొచ్చిన అభ్యర్థులను జనం అడిగింది ఇంటి అద్దెలు, వలసల గురించి. వాటిలో చాలావరకు తేలాల్సింది డబ్లిన్‌లో, బ్రసెల్స్‌లో కాదు.

ఫ్రీజర్‌లో ఎంపీలు

2019లో ఐర్లండ్ 13 మందిని ఎన్నుకుంది, వెంటనే వెళ్లింది 11 మందే. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి పోతే ఖాళీ అయ్యే సీట్లలో రెండు ఐర్లండ్‌కు రావాలి, ఆ బ్రిటనేమో కదలదు. డబ్లిన్‌లో, సౌత్‌లో చివరగా గెలిచిన బ్యారీ ఆండ్రూస్, డియర్డ్రా క్లూన్ ఎన్నికై కూడా ఇంట్లోనే ఉండిపోయారు. పత్రికలు వాళ్లను ‘కోల్డ్ స్టోరేజ్’ ఎంపీలన్నాయి. 2020 జనవరి 31న బ్రిటన్ వెళ్లిపోయాక వాళ్లకు సీట్లు దక్కాయి.

మనవాళ్ల ఓటు

డబ్లిన్‌లో వర్క్ పర్మిట్ మీద ఉన్న తెలుగు ఉద్యోగులకు యూరోపియన్ బ్యాలెట్ ఇవ్వరు. అది ఐర్లండ్, ఇతర ఈయూ దేశాల పౌరులకే. కానీ 2024 జూన్ 7నే, అదే బూత్‌లో స్థానిక సంస్థల ఎన్నిక కూడా జరిగింది. అందులో పౌరసత్వంతో పని లేదు. 18 ఏళ్లు నిండి, అక్కడ నివాసముండి, జాబితాలో పేరుంటే చాలు. ఐరిష్ పౌరసత్వం తీసుకున్నవాళ్లకు రెండు కాగితాలూ ఇచ్చారు. లిమరిక్‌లో ఉంటే మూడు: దేశంలోనే మొదటిసారిగా అక్కడ మేయర్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకున్నారు. పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు. ఒకరికి 1, మరొకరికి 2 వేస్తే ఆ 2 వల్ల 1కి నష్టం జరుగుతుందన్న భయం అక్కర్లేదు. మొదటి మనిషి గెలుపో ఓటమో తేలాకే ఆ కాగితంలో 2 ఎవరికుందో చూస్తారు.