ఒక్కటే మిగిలిన చెట్టు



అరటిని పిలకలచేతను, చెరకును ముచ్చెలచేతను, మల్లెను కొమ్మలచేతను పెంచుట మనకు పరిపాటి. ఇట్లు పెరిగిన మొక్కలన్నియు తల్లిమొక్క గుణములనే పొందును. ఇందు లాభమెంత కలదో అపాయము నంత కలదు. ఆ అపాయమును తెలిసికొనుటకై దూరదేశపు చిన్న చెట్టొకదానిని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము.

హిందూమహాసముద్రమందు మారిషస్ దేశమునకు తూర్పుగా సుమారు 560 కిలోమీటర్ల దూరమున రోడ్రిగ్స్ అను దీవి కలదు. అది మారిషస్ దేశములోనిదే. 19వ శతాబ్దమున చెరకుతోటల పనికై మన కోరంగి రేవునుండి తెలుగువారు ఓడలెక్కి వెళ్లినది ఈ మారిషస్‌నకే. రోడ్రిగ్స్ వైశాల్యము 108 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మనుష్యులు స్థిరపడిన పిదప అచటి అడవి నరకబడినది. మేకలు, పశువులు లేజిగురులను మేసినవి. పైదేశపు మొక్కలు వ్యాపించి స్థానికవృక్షములను క్రిందుపఱచినవి.

ఆ దీవియందు తప్ప మఱెక్కడను పుట్టని చెట్లలో నొకటి 'కాఫే మరోన్', అనగా అడవికాఫీ. శాస్త్రజ్ఞులు దీనిని రామోస్మానియా రోడ్రిగేసీ అందురు. కాఫీ, నూరువరహాలు, కదంబము గల కుటుంబమునకే ఇదియు చెందినది. ఇది మనిషికంటె కొంచె మెత్తుగా పెరుగు చిన్నచెట్టు. పూవులు తెల్లనివి, నక్షత్రమువలె విచ్చుకొనును. దీని యాకులలో వింత కలదు. లేతమొక్కకు సన్నని, పొడవైన, గోధుమవన్నె గల ఆకులుండును. చెట్టు ముదిరిన పిదప వెడల్పైన పచ్చని ఆకులు వచ్చును. పూర్వమా దీవిలో పెద్ద తాబేళ్లు వేలకొలదిగా నుండెడివి. వాని నోటినుండి తప్పించుకొనుటకే లేతమొక్క ఎండుటాకులవలె కనిపించునని కొందఱు శాస్త్రజ్ఞుల ఊహ. ఓడలవారు ఆహారమునకై పట్టుకొనిపోవుటచే ఆ తాబేళ్లు నశించినవి.

ఈ చెట్టును నశించినదనియే చాలకాలము తలచిరి. 1980 ప్రాంతమున ఒక ఉపాధ్యాయుడు పాతచిత్రమును పిల్లలకు చూపగా, ఒక బాలుడు అట్టి చెట్టును తానెఱుగుదునని చెప్పి కొమ్మను తెచ్చెను. పరీక్షింపగా అదియే యని తేలినది. కాని మిగిలినది ఒక్క చెట్టే. ఆ వార్త వెల్లడి కాగానే మందునకు పనికివచ్చునని జనులు దాని కొమ్మలను, ఆకులను కోసికొనిపోవ మొదలిడిరి. కంచె వేసినను దాటి వచ్చిరి; కంచెపై కంచె వేయవలసి వచ్చినది.

1986లో ఆ చెట్టు కొమ్మలను విమానముపై ఇంగ్లండులోని క్యూ ఉద్యానమునకు పంపిరి. ఒక కొమ్మ వేరూనినది. దానినుండి మఱికొన్ని మొక్కలు లేచినవి, విరివిగా పూచినవి. కాని ఒక్క కాయయు పట్టలేదు. మొక్కలెన్ని యైనను అన్నియు ఒకే చెట్టు శరీరములు. వాని పుప్పొడి వాని కీలాగ్రముపై పనిచేయకుండెను. వేఱొక చెట్టు పుప్పొడి తెత్తమన్న వేఱు చెట్టు లేదు.

అచటి ఉద్యానకారుడు కార్లోస్ మాగ్డలేనా కీలాగ్రపు కొనను కోసి, ఆ గంటిపై పుప్పొడి నుంచి చూచెను. పలుమారులు విఫలుడైనను విడువలేదు. తుదకు 2003లో కాయ పండినది, విత్తులు లభించినవి. ఆ విత్తులు మొలచినప్పుడు, కొమ్మమొక్కలయందు కానరాని ఆ గోధుమవన్నె లేతయాకులు మరల కనబడినవి. పిదప కొన్ని విత్తులు స్వదేశమగు రోడ్రిగ్స్‌నకు చేరినవి.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసిన దేమి? కొమ్మ మొక్కను నిలుపును. విత్తనము జాతిని నిలుపును. విత్తులవలన పుట్టిన మొక్కలలో గుణభేదము కలుగును. తెగులు వచ్చినప్పుడు కొన్ని చచ్చినను కొన్ని నిలుచుటకు ఆ భేదమే ఆధారము. ఒకే పిలకల సంతతియగు అమృతపాణి తోటను పనామా తెగులు పట్టినచో తోటయంతయు ఎట్లు పోవునో మన రైతు లెఱుగుదురు.

ఒక్క చెట్టు మిగిలిన పిదప దానిని కాచుటకు ఇన్ని కంచెలు, ఇన్ని యేండ్ల శ్రమ కావలసి వచ్చినది. పది చెట్లుండగా పిడికెడు విత్తులు దాచియుంచిన చాలియుండెడిది. మన యూళ్లలో తాతలనాటి వరి, జొన్న, కంది, మిరప రకములు ఇంకను అచ్చటచ్చట నున్నవి. ఒక్క గాదెలో నున్న విత్తనము పురుగునకో వానకో పోవచ్చును. నాలుగిండ్ల నున్నచో ఒకచోటనైనను మిగులును. ఊరక దాచిన విత్తనము కొన్నాళ్లకు మొలకశక్తి కోల్పోవును గనుక, ఏటేట కొద్ది సెంట్లయందైనను విత్తి క్రొత్తవిత్తు తీసికొనవలెను. అట్టి పాతరకము గల సభ్యులు సంఘపు సమావేశమునకు గుప్పెడు విత్తులు తెచ్చి, పొరుగువారితో మార్చుకొనవలెనని కోరుచున్నాము.