కోరంగి మడ అడవులలో ఒక పగటి యాత్ర

విహారయాత్ర అనగానే మనలో పలువురకు కోటలు, జలపాతములు, సముద్రపు ఒడ్డున ఛాయాచిత్రములు జ్ఞప్తికి వచ్చును. అవియు మంచివే. కాని నది, సముద్రము, అడవి, జంతుజాలము ఒకదానిపై నొకటి ఎట్లు ఆధారపడియున్నవో ఒక్క పగటిలో చూడగోరు విద్యార్థులు కోరంగికి పోవలెను. సికింద్రాబాదులో రాత్రి రైలెక్కినవారు ఉదయమునకు కాకినాడ చేరుదురు. అచ్చటికి యానాం దారిలో కోరంగి సుమారు 20 కిలోమీటర్లు.

గోదావరి సముద్రమున కలియు ఈ ప్రాంతమున, సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర, 1978లో అభయారణ్యము ఏర్పడినది. కోరంగి ఒకప్పుడు పేరొందిన రేవు. తూర్పు తీరము నుండి ఓడలెక్కి బర్మా పోయిన తెలుగువారిని అక్కడివారు ‘కోరంగీలు’ అని పిలిచిరి. 1789లోను, 1839లోను వచ్చిన ఘోరమైన తుపానులు ఆ రేవును దెబ్బతీసినవి.

ఇచ్చట యాత్రాసమయమును నిర్ణయించునది గడియారము కాదు, ఆటుపోటులు. పోటు సమయమున నీరు కాలువలలోనికి ఎక్కును. పడవ లోపలికి సాగును. ఆటు సమయమున బురద మేటలు బయటపడును. పక్షులు మేతకు దిగును. అమావాస్య దినములలోను, నిండు చంద్రుని దినములలోను పోటు హెచ్చు. ఇది తెలిసిన స్థానిక గైడు వెంటనున్నప్పుడే యాత్ర సార్థకమగును.

చెక్కబాట మీద నడచుచు ముందుగా చెట్లను చూడవలెను. ఉప్పునీటి బురదలో గాలి దొరకదు. కావున నల్లమడ, తెల్లమడ చెట్ల వేళ్ళు పెన్సిళ్ళవలె పైకి పొడుచుకొని వచ్చి శ్వాసించును. అవి పీల్చుకొన్న ఉప్పును ఆకులద్వారా వెలికి నెట్టును. ఉప్పుపొన్న విత్తనము తల్లిచెట్టు మీదనే మొలకెత్తి, ఈటెవలె బురదలోనికి జారును.

బురదపై గెంతు చేపలు, ఒక డెక్క మాత్రమే పెద్దదిగానున్న పీతలు, లకుముకి పిట్టలు, కొంగలు పగలే కనబడును. నీటికుక్కలు కనబడుట అదృష్టము. బావురుపిల్లి రాత్రి వేటాడునది గనుక, పగటివేళ దాని అడుగుజాడలు కనబడినను చాలును. ఎదుటనున్న హోప్ దీవి ఇసుకపై ఆలివ్ రిడ్లే తాబేళ్ళు శీతకాలమున గ్రుడ్లు పెట్టును. కేకలు వేయక, ఆహారము విసరక, దూరమునుండి చూచుటయే మర్యాద.

ఇదంతయు కేవలము వినోదము కాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. మడచెట్ల వేళ్ళు అలల వేగమును తగ్గించును, మట్టిని పట్టి నిలుపును. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు అవియే ఉయ్యాల. వంటచెరకునకు వానిని నరికినను, రొయ్యల చెరువులకై తొలగించినను, ముందుగా నష్టపోవునది తీరమున గుడిసె వేసికొన్న బెస్త కుటుంబమే.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి యొక్కటే. యాత్రకు తేదీని నిర్ణయించునప్పుడు సెలవుల పట్టికతోపాటు ఆటుపోటుల వేళలను కూడ విచారింపుడు. చిన్న చిన్న జట్లుగా పంపుడు. ప్రతి విద్యార్థిచేత తాను చూచినది వ్రాయింపుడు. ఆ చూపు అలవడిన పిమ్మట, మన జల్‌పల్లి చెరువు గట్టున నిలిచిన విద్యార్థి కూడ, ఈ నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది, దీనిపై ఎవరి బ్రతుకు ఆధారపడియున్నది అని తప్పక అడుగును.