మీకు తెలుసా? సాక్ష్యం చెప్పిన చిత్రం

భూమి తమదేనని నిరూపించుకోవడానికి ఆస్ట్రేలియా ఆదివాసులు 1997లో ఒక భారీ వర్ణచిత్రాన్ని గీసి, ట్రైబ్యునల్ ముందు సాక్ష్యంగా పెట్టారు.

• దాని పేరు న్గురారా కాన్వాస్. పొడవు 10 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రేట్ శాండీ ఎడారి అంచున, పిర్నిని అనే చోట గుడ్డను నేలమీద పరిచి, 40 మందికి పైగా కళాకారులు దానిమీదే కూర్చుని రంగులు వేశారు. వీరిలో చాలామందికి ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ ఊళ్లో ఆదివాసులే నడుపుకునే ‘మంకాజా ఆర్ట్స్’ కేంద్రంతో అనుబంధం ఉంది.

• చిత్రంలో ప్రధానంగా కనిపించేవి ఎడారిలోని నీటి చెలమలు. ఏ చెలమ ఎక్కడుంది, దాన్ని కాపాడుకునే బాధ్యత ఏ కుటుంబానిది అన్నది వాటిని బట్టే తెలుస్తుంది.

• విచారణ రోజున ఒక్కొక్కరూ చిత్రంలో తమ నేల ఉన్న చోట నిలబడి, సొంత భాషలో వాంగ్మూలం ఇచ్చారు.

• 2007 నవంబరులో ఫెడరల్ కోర్టు దాదాపు 77 వేల చదరపు కిలోమీటర్ల భూమిపై వారి హక్కును గుర్తించింది.